పడే డిక్కీకి పైసా ఖర్చు లేని వైద్యం

లేపగానే మూత ఓ క్షణం బుద్ధిగా నిలబడుతుంది. మీరు సంచీ కోసం లోపలికి వంగేదాకా కదలదు. మెడ పూర్తిగా లోపలికి వెళ్లిందని రూఢి చేసుకున్నాక మెల్లగా దిగడం మొదలుపెడుతుంది. చివరి జానెడు మాత్రం ఒక్క ఊపున దిగుతుంది. మీ కారు డిక్కీకి ఈ లక్షణాలుంటే ఈ సలహాలు మీకోసమే. ఇంకా లేనివాళ్లు చదివి దాచుకోండి. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లకు ఇవాళ కాకపోతే వచ్చే దసరాకు అక్కరకొస్తాయి.

ముందుగా ఎవరి మాట వినకూడదో చెబుతాను. మెకానిక్ మాట వినకూడదు. మా భివండిలో అంజూర్ ఫాటా వైపు పోండి, కళ్యాణ్ నాకా వైపు పోండి, ఏ గ్యారేజీలోనైనా మూతను ఒకసారి ఎత్తి వదిలి, "షాకర్ ఖతం సేఠ్, దోనో బదల్నా పడేగా" అంటాడు. రెండూ ఎందుకు, పోయింది ఒకటే కదా అని అడిగితే నవ్వుతాడు. కొత్తది వద్దు, ఉన్నదాన్నే రిపేరు చెయ్యమంటే పక్క గ్యారేజీవాణ్ణి కూడా పిలిచి నవ్విస్తాడు. భివండిలో బతుకుతూ, రిపేరు కాని వస్తువు ఒకటి ఉందని చెప్పే మనిషిని ఎలా నమ్మేది?

ఈ ఊరు లేచిందే పక్కవాళ్లు వదిలేసినదాన్ని నడిపించి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో ముంబయి మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ దెబ్బకు మూతపడ్డ మిల్లుల్లో చాలావాటి తలుపులు మళ్లీ తెరుచుకోలేదు. బట్ట నేసే పని మాత్రం ఆగలేదు, భివండి షెడ్ల వైపు మళ్లింది. మిల్లులు తుక్కు కింద వదిలించుకున్న మగ్గాలు కూడా దాని వెంటే వచ్చాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి వచ్చిన మన పద్మశాలీలు, చేతిమగ్గం మీద తాతలనాడు నేర్చిన విద్యతోనే వాటిని దారికి తెచ్చారు. సాంచాలో, అంటే మరమగ్గంలో, ఏది పోయినా కంటికి కనబడుతుంది. పికర్ అరిగితే పికర్ మారుస్తాం. తోలు పట్టా తెగితే ఇంకో పట్టా వేస్తాం. నాడె మొన మొద్దుబారితే అరగదీస్తాం. కట్టె విరిగితే ఇనుప పట్టీ కట్టి, ఆ వారమంతా దాంతోనే బట్ట తాకాలు దించుతాం. ఇనుప చట్రం తప్ప అన్నీ మారిపోయినా అది మా బాపు కొన్న సాంచానే అంటాం. "మొత్తం పారేసి కొత్తది తెచ్చుకో" అన్న మాట మనవాళ్లుండే పద్మనగర్ గల్లీల్లో బూతుతో సమానం.

మూతను మోసే షాకర్ సంగతి అట్లా కాదు. నల్లరంగు వేసిన గొట్టం, అందులోంచి వచ్చే మెరిసే రాడ్డు, రెండు చివర్లా బండికున్న గుండుకు తగులుకునే టోపీలు. అంతే. ఎక్కడా నట్టు లేదు, గాలి కొట్టే వాల్వు లేదు. లోపల నైట్రోజన్ కూరి, సీలు వేసి, గొట్టం అంచు మడిచేస్తారు. ఎంత కూరుతారంటే, గొట్టం మీద 400 ఎన్ అని ఉండి రాడ్డు మందం 8 మిల్లీమీటర్లయితే లోపలి ఒత్తిడి దాదాపు 80 బార్లు. మీ టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు. పిస్టనుకు సన్నని రంధ్రం ఉంటుంది గనక గ్యాసు దానికి రెండువైపులా ఒకే ఒత్తిడితో నిలుస్తుంది. అయితే ఒక వైపు రాడ్డు అతికి ఉండడం వల్ల ఆ మేరకు గ్యాసు నెట్టడానికి చోటు తగ్గుతుంది. ఆ పిసరంత తేడాయే రాడ్డును బయటికి తోస్తుంది, మూతను మోస్తుంది. 400 ఎన్ అంటే సుమారు నలభై కిలోల తోపు. లోపల కొంచెం నూనె కూడా పోస్తారు, మూత చివర్లో దబ్బున తగలకుండా, సీలు ఎండిపోకుండా. ఏళ్లు గడిచేకొద్దీ సీలు సందులోంచి గ్యాసు ఇసుమంత ఇసుమంత జారిపోతుంది. జర్మనీలో కోబ్లెంజ్‌లోని స్టాబిలస్ కంపెనీ 1962 నుంచి వీటిని పెద్దఎత్తున చేస్తోంది. అన్నేళ్లుగా చేస్తున్నారు కదా, మన కార్లకు వచ్చే గొట్టానికి లోపలికి పోయే దారి ఒకటి పెడదామని మాత్రం ఎవరికీ తోచలేదు. మిస్త్రీ చెయ్యి పెట్టలేని వస్తువును తయారుచేసి అమ్మడం మన ఊరి మీద కక్షగట్టి చేసిన పనే అని నా అభిప్రాయం.

కక్ష ఉన్నా సరే, ఒక్క విషయంలో మెకానిక్ పక్షమే నేను. గొట్టానికి డ్రిల్లు పెట్టొద్దు, వెల్డింగు పెట్టొద్దు, రంపంతో కోయొద్దు, మంటలో పారేయొద్దు. ఎత్తలేనంత చచ్చిన షాకర్లో కూడా ఒత్తిడి మిగిలే ఉంటుంది. ఈ మాటలో వెటకారం లేదు. మిగతా సలహాలు పాటించడానికి మీకు రెండు కళ్లూ పది వేళ్లూ ఉండాలి.

ఇక వైద్యం. అన్నిటికన్నా పురాతనమైంది, పరువైంది కట్టె. కట్టె అనగానే వెదురుబొంగు కోసం వెతకొద్దు. మూలన పడున్న పాత పికింగ్ స్టిక్ తీసుకోండి. రోజంతా నాడెను అటూ ఇటూ కొట్టిన గట్టి కట్టె. ఒక చిన్న దెబ్బ కూడా పడని డిక్కీ మూతను మోయడం దానికి రిటైరైనవాడికి ఇచ్చే వాచ్‌మన్ పని. పొడుగు చాలదు కదా అంటారు. చాలదు, అదే దాని గుణం. మూత పూర్తిగా లేవకుండా సగంలో ఆగుతుంది, సరిగ్గా మీ నుదురు తగిలే ఎత్తులో. నాలుగు రోజుల్లో వంగి నడవడం అలవాటవుతుంది. ఈ కాలం పిల్లలకు లేని వినయం అది.

కట్టె నిలబెట్టే చోటు ముఖ్యం. కింది చివర, బండి గడప మధ్యలో ఉండే ఇనుప కొక్కెం పక్కన ఆనించండి. పై చివరను మూతకున్న లాకు నోట్లో పెట్టండి. లాకు నోటి లోపల కొక్కెం కోసం కాచుకుని ఉండే చిన్న నాలుక ఉంటుంది. కట్టె తగలగానే టక్కున మూసుకుంటుంది. ఆ చప్పుడు విని కట్టె గట్టిగా ఇమిడిందని సంతోషించండి. తర్వాత కట్టె తీసి మూత వేస్తే పడదు, రబ్బరుకు తగిలి ఎగిరి వస్తుంది. లాకు అప్పటికే మూసుకుని ఉంది మరి. ఇంకోసారి గట్టిగా వేయండి. ఇంకా గట్టిగా. అద్దం వణకాలి. డిక్కీ తెరిచే మీట నొక్కితే ఆ నాలుక మళ్లీ తెరుచుకుంటుందని గ్యారేజీవాళ్లు అంటారు, నిజమే. అయితే మీరు కొట్టిన చప్పుడుకు అప్పటికే గల్లీ అంతా బయటికొచ్చి నిల్చుంటుంది. అందరి ముందు మీట నొక్కి పనైపోయిందనడం మర్యాద కాదు.

కట్టెను దాచే చోటు డిక్కీ అడుగున, స్టెప్నీ పక్కన. దాని మీద సామాన్లన్నీ సర్దండి. కట్టె కావాలంటే సామాను తియ్యాలి, సామాను తియ్యాలంటే మూత నిలవాలి, మూత నిలవాలంటే కట్టె కావాలి. అందుకే కారులో ఎప్పుడూ ఇద్దరు పోవాలని నేను చెప్పేది.

కట్టె మోటుగా ఉందనుకునే వాళ్లకు నూలు ఉంది. మన దగ్గర లేనిది గ్యాసు గానీ, నూలుకు కరువా? పడుగు పోగులు పదీ ఇరవై కలిపి పురి పెట్టి, మూతకున్న వైపరుకు ముడి వేయండి. ప్లాస్టిక్ తొడుగున్న ఆ వైపరు చెయ్యి అద్దాన్ని తుడవడానికి చేసిందని, బరువు లాగడానికి కాదని గ్యారేజీవాడు మళ్లీ అడ్డుతగులుతాడు. అయినా ఒక వానాకాలం దాకా ఊడదు. రెండో కొస దేనికి కట్టాలన్నది చోటును బట్టి. తలావ్ గట్టున ఆపితే రెయిలింగుకు, గల్లీలో అయితే కరెంటు స్తంభానికి. ఏదీ లేకపోతే వెనక ఆపిన స్కూటరు ఉండనే ఉంది. స్కూటరు ఓనరు చాయ్ తాగి వచ్చేలోగా సామాను దించుకోవాలన్న తొందర మనిషిని చురుగ్గా ఉంచుతుంది. ముడి విషయంలో అనుమానం వద్దు. బీము మార్చినప్పుడల్లా వేల పోగులకు అతుకులేసే చేతులున్న ఊరు ఇది. మన ముడి ఊడదు. స్కూటరు కదిలినా ఊడదు.

నూనె దగ్గరికి వద్దాం. సాంచాకు పోసే నూనె డబ్బా ఇంట్లో ఉన్నవాడికి షాకర్ రాడ్డు పొడిగా కనబడితే చెయ్యి ఊరుకోదు. ఊరుకోకూడదు కూడా. రాడ్డుకు దట్టంగా నూనె పట్టించి, పైన గ్రీజు రుద్దండి. పోయింది గ్యాసు, నూనె రాస్తే గ్యాసు ఎట్లా వస్తుందని మీ బావమరిది అడుగుతాడు. ఇంజనీరింగ్ చదివిన బావమరుదులకు జవాబివ్వడం మొదలుపెడితే పండుగలు సాగవు. ఇకపోతే షెడ్డు పక్కనే కారు ఆపుతారు గనక గాలిలో తేలే నూలు పొట్టు ఆ గ్రీజుకు చక్కగా అతుక్కుంటుంది. దానితో పాటు నాసిక్ హైవే మీద గోదాముల లారీలు లేపే దుమ్ము. మూత వేసిన ప్రతిసారీ ఆ పొట్టూ దుమ్మూ కలిసిన ముద్ద రాడ్డుతో పాటు సీలు దగ్గరికి పోయి దాన్ని గీకుతుంది. కొంచెం గ్యాసు మిగిలి ఉంటే అదీ వెళ్లిపోయి, పనిచేస్తుందా లేదా అన్న సందిగ్ధం పూర్తిగా తీరుతుంది. గుడ్డతో తుడిచి పొడిగా వదిలేస్తే ఇంకో ఏడాది లాగేదేమో, ఆ ఊగిసలాట ఎవరికి కావాలి?

పకడ్ పద్ధతి గురించి కొంత జాగ్రత్తగా రాయాలి, ఎందుకంటే ఇది నిజంగానే పనిచేస్తుంది. మూతను పూర్తిగా పైకెత్తి, రాడ్డు మీద గొట్టం మూతికి ఆనుకునేలా లాకింగ్ పకడ్ పట్టించండి. రాడ్డు లోపలికి దిగలేదు, మూత రాయిలా నిలుస్తుంది. పకడ్ పళ్లు మెరిసే రాడ్డు మీద గాట్లు పెడతాయి, ఆ గాట్లు సీలును కోస్తాయి అన్నది చిన్న విషయం. పెద్ద విషయం ఇంకోటుంది. సామాను తీసుకున్నాక పకడ్ సంగతి మరిచిపోతారు. అందరూ మరిచిపోతారు, పకడ్ స్వభావమే అది. మరిచిపోయి మూతను రెండు చేతులా కిందికి లాగితే ఆ బలమంతా గుండు బిగించిన చోట పడుతుంది. అక్కడుండేది పల్చని రేకు. వంగుతుంది. రేకు వంగాక కొత్త షాకర్ తెచ్చినా సరిగ్గా కూర్చోదు. అంటే కొత్త షాకర్ కొనే ఖర్చు శాశ్వతంగా తప్పినట్టే.

తుక్కు దుకాణం అంటే మనకు పుట్టిల్లు. అక్కడ షాకర్లు గోనెసంచుల్లో దొరుకుతాయి. మూడు వేళ్లతో నొక్కి చూస్తే బలం తెలుస్తుందని దుకాణదారు అంటాడు. నలభై కిలోల తోపు ఉండాల్సినదాన్ని మూడు వేళ్లతో నొక్కగలిగామంటే దాని సంగతి ఏమిటో ఆలోచించకండి, బేరం మొదలుపెట్టండి. గొట్టం మీది అంకె చదివే ఓపిక ఉన్నవాళ్లు మీ బండికి ఉన్నదానికన్నా పెద్ద అంకె చూసి తీసుకోండి. ఈకో వెనక తలుపు బరువు వేరు, వ్యాగన్ఆర్ తలుపు బరువు వేరు, ఏ తలుపుకు ఆ లెక్క అని కంపెనీవాళ్లు చెబుతారు. పెద్ద అంకె పెడితే లాకు తియ్యగానే మూత మీ గడ్డాన్ని కొట్టుకుంటూ పైకి పోతుంది. దించాలంటే వేలాడాలి. పిల్లలకు ఆట. ఇక రెండింట్లో ఒక్కటే మార్చండి, అదీ డ్రైవరు వైపుది. ఒక పక్క కొత్త బలం, ఇంకో పక్క చచ్చినది ఉంటే మూత కొద్దిగా మెలి తిరిగి నిలుస్తుంది, లాకు కొక్కేనికి సూటిగా కూర్చోదు, వానకు ఒక మూల నుంచి నీళ్లు దిగుతాయి. ఆ నీళ్లు స్టెప్నీ గుంటలో నిలుస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన దగ్గర కురిసే వానకు గుంట నిండడానికి ఎన్నాళ్లు పడుతుంది? కట్టె నానుతుంది, అంతే.

బిగించేటప్పుడు రాడ్డు పైకి, గొట్టం కిందికి ఉండేలా తిరగేసి పెట్టండి, మెరిసేది పైనుంటే అందం. మూత వేసినప్పుడు రాడ్డు కిందికి చూస్తే లోపలి నూనె సీలు మీద నిలిచి దాన్ని తడిగా ఉంచుతుందన్నది నిజమే గాని, అందం కూడా ఒక లెక్కే కదా.

ఎండ వైద్యం ఒక్క ముక్కలో ముగిస్తాను. గ్యాసు చల్లబడితే ఒత్తిడి పడిపోతుంది. పది డిగ్రీలు తగ్గితే బలం నూటికి మూడు నాలుగు పాళ్లు తగ్గుతుంది. డిసెంబరు తెల్లవారుజామున పడిన మూత మిట్టమధ్యాహ్నం నిలబడితే రోగం మొదలైందనడానికి అది తొలి గుర్తు. దాన్ని గుర్తుగా తీసుకోకుండా టైంటేబుల్‌గా తీసుకోండి. డిక్కీ పనులన్నీ పన్నెండు నుంచి మూడు మధ్య పెట్టుకోండి.

డిక్కీ వెనక్కి పొడుచుకొచ్చిన కార్ల వాళ్లు తమ గురించి రాయలేదని నొచ్చుకోవద్దు. చాలావాటిలో గ్యాసు షాకర్లుండవు, మూత కింద మెలిపెట్టి బిగించిన పొడవాటి ఉక్కు కడ్డీలుంటాయి. వాటిని స్క్రూడ్రైవరుతో లేపి పక్క గాటులోకి జరపబోతే విడిచిపెట్టిన కడ్డీ ఎటు కొడుతుందో తెలియదు. వాటికి నా దగ్గర వైద్యం లేదు. వేరే ఊరు చూసుకోండి.

అన్ని ఉపాయాల్లోకీ నాకిష్టమైనది మనిషి. కట్టె జారుతుంది, నూలు తెగుతుంది, పకడ్ మరుపున పడుతుంది. మనిషి నిలబడతాడు. ముంబయి ములజీ జేఠా బట్టల మార్కెట్లో చూపించడానికి నాలుగు తాకాలు డిక్కీలో పెట్టాలనుకోండి. షెడ్డు గడప దగ్గర నిలబడి లోపలికి ఒక కేక వేయండి. ఆ చప్పుడులో కేక వినబడదు, చేత్తో సైగ చేయాలి. ఆరు సాంచాలు చూస్తున్న కుర్రాడు బయటికొస్తాడు. ఆరింటిని చూసేవాడికి ఒక మూత లెక్కా? "జర గీ మూత వట్టుకో" అంటే పట్టుకుంటాడు. వాడికి మీటరు లెక్కన కూలి, పన్నెండు గంటల షిఫ్టు. మీ డిక్కీ కింద నిలబడ్డ పదినిమిషాల్లో లోపల ఏ సాంచాలోనన్నా పోగు తెగి ఆగితే ఆ మీటర్లు వాడి లెక్కలో పడవు, మీ లెక్కలోంచి పోవు. ఇంత చవకైన షాకర్ కోబ్లెంజ్‌లో కూడా తయారుకాదు. కొత్త జత ఖరీదు బండిని బట్టి ఒకటి రెండు వేల దగ్గర మొదలవుతుంది. ఆ సొమ్ము కుర్రాడికి బోనస్‌గా ఇవ్వొచ్చు కదా అంటారేమో. ఆ వాదన పెట్టినవాడు కుర్రాణ్ణయినా పాడుచేస్తాడు, నన్నయినా పాడుచేస్తాడు.

మనిషిని ఎంచుకోవడంలో వావివరసలు చూడాలి. అల్లుణ్ణి మూత కింద నిలబెట్టకూడదు, ఊరి దాకా పోతుంది మాట. బావను నిలబెట్టొచ్చు, పైగా నిలబెట్టాలి. చిన్నాయన పట్టుకుంటానని ముందుకొస్తాడు, వద్దనండి. ఆయన ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఫోను మాట్లాడతాడు, మాట రసపట్టులో పడితే రెండు చేతులూ మాటకే పోతాయి.

ఊరికి పోయేటప్పుడు సంగతి వేరు. భివండి నుంచి నిర్మల్ దాకా 61వ నంబరు జాతీయ రహదారి ఉంది గనక మనవాళ్లు బస్సు మానేసి కారు తియ్యడం పెరిగింది. కళ్యాణ్, ముర్బాడ్ దాటి మాల్షేజ్ ఘాట్ ఎక్కి, అహల్యానగర్, పర్భణి, నాందేడ్, భైంసా మీదుగా పోవాలి. ఆగిన ప్రతి చోటా డిక్కీ తెరవాలి, ఆగిన ప్రతి చోటా ఒకరు కింద నిలబడాలి. ఘాట్ మీద వానాకాలపు గాలి మూతను తెరచాపను చేస్తుంది. అక్కడ కట్టె పనికిరాదు, ఇద్దరు బావలు కావాలి. ఈ బాధంతా ఎందుకని కొందరు మూతను పైకెత్తి కట్టేసి, తెరిచే నడుపుతారు. చూడ్డానికి దర్జాగానే ఉంటుంది. నంబరు ప్లేటు ఆకాశాన్ని చూస్తుంది, పోలీసుకు చదివే శ్రమ తప్పుతుంది, వేరే శ్రమ మొదలవుతుంది. వెనక తలుపు తెరిచి నడిపితే సైలెన్సరు పొగ సుడి తిరిగి లోపలికే వస్తుంది. అందులో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వెనక సీట్లో పిల్లలు అనుకున్నదానికన్నా ముందే నిద్రపోతారు. ఈ ఉపాయాన్ని నేను కూడా సిఫార్సు చెయ్యను. నాకూ కొన్ని హద్దులున్నాయి.

సద్దుల బతుకమ్మ నాడు డిక్కీకి అసలు పరీక్ష. తంగేడు, గునుగు, బంతి వరసలు పేర్చిన బతుకమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పట్టుచీర నలుగుతుంది, సీటు మీద పెడితే ఒరుగుతుంది, అందుకని డిక్కీలో పెట్టి వరాలా తలావ్‌కు బయల్దేరతారు. అక్కడ కార్లు ఆపే చోటుండదు. ఎక్కడో దూరంగా ఆపి, జనంలో, కట్టె ఆనించి మూత తెరిచాననుకోండి. వదిన ముందుకొచ్చి వంగేముందు ఆగుతుంది.

"ఏందయ్యా మరిదీ, గీ మూత బతుకమ్మ మీద వడితే?"

"వడది వదినా, కట్టె ఉన్నది."

"కట్టెను ఎవలు వట్టుకున్నరు?"

ఈ ప్రశ్నకు జవాబు ముందే తయారుగా పెట్టుకోవాలి. "నువ్వు తీసెయ్, నేను చూస్త" అనాలి. చూస్తా అన్నామే గాని పట్టుకుంటా అనలేదు. బతుకమ్మ పెద్దదైతే కట్టెకు తగలకుండా బయటికి రాదు, కట్టె తియ్యకుండా బతుకమ్మ రాదు. అప్పుడు కట్టె తీసి మీరే నెత్తితో మూత ఆపి నిలబడాలి. ఇద్దరాడవాళ్లు బతుకమ్మను ఎత్తి, పూలు సర్ది, గౌరమ్మను చూసుకుని, పక్కింటావిడ బతుకమ్మ ఎంత ఎత్తుందో మాట్లాడుకుని, ఫొటో తీసుకుని కదిలేదాకా. ఫొటోలో మీరూ ఉంటారు, మెడ దాకా.

షాకర్ మార్చడం ఎంత తేలికో చెప్పి మరీ ఎందుకు మార్చకూడదో చెబుతాను. మూతను ఒకరు పైకి పట్టుకుంటారు. టోపీ వెనక చిన్న ఇనుప క్లిప్పు ఉంటుంది, సన్న స్క్రూడ్రైవరుతో దాన్ని కొంచెం పైకి లేపితే టోపీ గుండు మీంచి ఊడి వస్తుంది. కింద ఒకటి, పైన ఒకటి. కొత్తది రాడ్డు కిందికి ఉండేలా పెట్టి, గుండు మీద నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. రెండో పక్కా అంతే. చాయ్ చల్లారకముందే అయిపోతుంది. ఇంత తేలిక పనికి మిస్త్రీకి మజూరీ ఎందుకివ్వాలి? మిస్త్రీకి ఇవ్వం సరే, మనమే చేసుకుందామా అంటే, ఇంత తేలిక పనిని మనం చేసుకోవడం పరువు తక్కువ. రెండు దారులూ మూసుకుపోయాయి గనక కట్టె మిగిలింది.

చివరగా, బండి అమ్మేటప్పుడు. కొనేవాణ్ణి మేలో, మధ్యాహ్నం రెండింటికి రమ్మనండి. వాడు వచ్చేసరికే డిక్కీ తెరిచి ఉండాలి, మీరు మూత కింద భుజం ఆనించి, ఏ పనీ లేనట్టు నిల్చోవాలి. ఇంజను గురించి, టైర్ల గురించి, సీఎన్‌జీ సిలిండరు పరీక్ష గడువు గురించి ఎంతసేపైనా మాట్లాడండి, అక్కణ్ణుంచి కదలొద్దు. సరదాగా టెస్ట్ డ్రైవ్‌కు పంపి, వాడు తిరిగొచ్చాక మళ్లీ మీరే తెరవండి. కొనేవాడు కళ్యాణ్ నుంచో ఠాణే నుంచో వచ్చినవాడైతే ఇంతటితో బేరం కుదురుతుంది. పద్మనగర్ వాడైతే మాత్రం కుదరదు, వాడు వచ్చీ రాగానే మీ భుజం వైపు చూసి, "కట్టె కూడా ఇస్తవా?" అని అడుగుతాడు. దానికి విడిగా రెండు వందలు చెప్పండి, నూట యాభైకి దిగండి, అంతకు తగ్గొద్దు.